వడిసెలకు ప్లస్ వన్ ఉంటదా?

(నల్లగొండలో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఒక గేమ్ డిజైనర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినం. మాట తీరును అట్లనే ఉంచినం.)

వెనకున్నోళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగ ఉన్నయి. మైకు వినపడుతున్నదా? సరే.

మొదలు ఒక మాట అడుగుత. మీ ఫోన్లల్ల ఎంతమందికి గ్లేసియర్ ఎం416 ఉన్నది? చేతులెత్తండి. అబ్బో! ఎత్తనోళ్లల్ల సగం మంది ఇంట్ల తెలుస్తదని ఎత్తలేదు, నాకు తెల్వదా. (నవ్వులు) బీజీఎంఐ, అదే ఫోన్ల ఆడే తుపాకుల ఆట, ఆడేటోళ్లకు ఎరుకే. ఆ తుపాకి లెవెల్ పెంచుకుంట పోతే దాని మీద మంచు మెరుపు పెరుగుతది, ఎవరినన్న పడగొడితే స్క్రీన్ మీద వచ్చే అక్షరాలు గొప్పగ కనపడతయి. దెబ్బ మాత్రం పెరగదు. గ్లేసియర్ లేనోని ఎం416 ఎంత కొడతదో, ఉన్నోనిది కూడ అంతే కొడతది. దాన్ని నేను తప్పు పట్టను. పెండ్లికి పట్టుచీర కట్టుకున్నమని ఎవరన్న తప్పు పడతరా? అలంకారం అలంకారమే.

ఇయ్యాల నేను మాట్లాడేది ఇంకో తీరు ఆటల గురించి. యాక్షన్ ఆర్‌పీజీలు. ఒక పాత్రను తీస్కొని, దానికి బలం, నైపుణ్యం, ఆయుధం పెంచుకుంట, ఆ పోరాటం కూడ మన చేతులతోటే చెయ్యాల్సిన ఆటలు. ఇక్కడ ఆయుధం పెంచితే దెబ్బ నిజంగనే పెరుగుతది. నా ఉద్యోగం అదే. ఏ కత్తి ఎంత కొట్టాలె, దాన్ని ఒక మెట్టు ఎక్కియ్యాలంటే ఆడేటోడు ఏం తేవాలె, ఎంత తేవాలె అని పొద్దంత పట్టికలు వేసుకుంట కూసుంట. మా అమ్మ ఇప్పటికి కూడ బిడ్డ అకౌంట్స్ పని చేస్తదనే ఊర్ల చెప్తది. పూర్తిగ అబద్ధం కాదు.

ముందుగాల ఒక చిన్న లెక్క చూద్దాం. ఆట మొదట్ల మీ కత్తి దెబ్బ 100. ఎదురొచ్చిన తోడేలు ప్రాణం 300. మూడు దెబ్బలకు పడతది. పది గంటలు ఆడినరు, రాళ్లు రప్పలు ఏరినరు, కత్తిని పెంచినరు, దెబ్బ 200 అయింది. కొత్త అడవిలోకి పోయినరు. అక్కడ కొత్త తోడేలు. రంగు మారింది, కండ్లు ఎర్రగ ఉన్నయి, ప్రాణం 600. మళ్ల మూడు దెబ్బలే! మరి ఆ పది గంటల కష్టం ఎటు పోయింది?

మేము దీన్ని కావాలనే చేస్తం. మీరు కత్తి పెంచకుంట పోయిన్రనుకోండి, ఆరు దెబ్బలు కొట్టాలె. ఆరు కొట్టేలోపల అది మిమ్మల్ని రెండుసార్లు కరుస్తది. అంటే ఈ లెక్కల అప్‌గ్రేడ్ బహుమతి కాదు, కిరాయి. కడితేనే ముందటి అడవిలకు పోనిస్తరు. చాన ఆటలు ఇంతటితోనే ఆగిపోతయి. ఆడేటోనికి అంకె పెరిగిందన్న సంతోషం, తయారుచేసేటోనికి పని అయిపోయిందన్న సంతోషం. నాకు మాత్రం అది సరిపోదు. కత్తి ఒక మెట్టు ఎక్కినంక ఆడేటోడు కొట్టే తీరు మారాలె, పోయే తొవ్వ మారాలె, లేకుంటే కనీసం దేన్నన్న వదులుకోవాల్సి రావాలె. ఈ మూడిట్ల ఒక్కటి కూడ కాకుంటే, పట్టికలో ఒక గడి మారింది, అంతే.

కమ్మరిని తీస్కోండి. దాదాపు ఈ ఆటలన్నిట్ల కమ్మరి ఉంటడు. దాగలి, సమ్మెట, కొలిమి, అన్ని ఉంటయి. మన ఊర్లల్ల నాగలి కర్రు అరిగితే కొలిమి కాడికి తీస్కపోయేది. కమ్మరి దాన్ని ఎర్రగ కాల్చి, ఇనుము అతికిచ్చి, సాగగొట్టి ఇచ్చేటోడు. మళ్ల పంట కాలం వచ్చేసరికి అది మళ్ల అరుగుతది, మళ్ల కొలిమి. మన కమ్మరి పోయినదాన్ని తిరిగి ఇస్తడు. ఆటలో కమ్మరి ఎన్నడూ లేనిదాన్ని ఇస్తడు. ఆటలో ఇనుము అరగదు, పైకి పోవుడే తప్ప కిందికి దిగుడు లేదు. తిప్పలంత అక్కడ్నుంచే మొదలైతది. ఎందుకంటే ఎప్పటికీ పైకే పోయేదానికి ఎక్కడో ఒకకాడ అడ్డం పెట్టాలె. ఆ అడ్డం ఎట్ల పెట్టినమన్నదాంట్లనే డిజైనర్ పనితనం ఉంటది.

అరిగే ఆయుధాలు పెట్టిన ఆటలు లేవా అంటే ఉన్నయి. 2017లో వచ్చిన జెల్డా, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, అందుల కత్తులు విరిగిపోతయి. సగం మంది తిట్టినరు, సగం మంది మెచ్చుకున్నరు. 2023లో వచ్చిన దాని తర్వాతి భాగంలో విరిగే కర్రకు ఏది దొరికితే అది, రాయో కొమ్మో అతికించుకునే వీలు పెట్టినరు. అది వేరే తొవ్వ, ఇయ్యాల దాని జోలికి పోను.

ఒక్క సంగతి చెప్పి ముందుకు పోత. ఈ ఆటల్ల డమాస్కస్ ఉక్కు అని గొప్పగ కనపడతది గదా, నీళ్ల అలల తీరు గీతలున్న కత్తి. ఆ ఉక్కు ముద్దలు పోయింది మన దక్షిణ భారతం నుంచి. తెలంగాణలనే, నిజామాబాద్ దిక్కు కోనసముద్రం అని ఊరున్నది. అక్కడ మట్టి మూసల్ల ఉక్కు చేసేటోళ్లు, ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి కొనుక్కపోయేటోళ్లు. ఆటలో ఆ పేరు కనపడ్డప్పుడు యాది చేసుకోండి.

ఇప్పుడు అసలు సరుకులకు వస్త. 2022 ఫిబ్రవరిలో జపాన్ కంపెనీ ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ ఎల్డెన్ రింగ్ తెచ్చింది. ఇక్కడ ఆడినోళ్లు ఎంతమంది? పది పన్నెండు మంది ఉన్నరు. మిగిలినోళ్లు వీళ్ల పీసీ చుట్టు నిలబడి చూసినోళ్లు, నాకు తెలుసు. అందుల మామూలు ఆయుధం ప్లస్ 25 దాక, అంటే 25 మెట్ల దాక పోతది. ప్రత్యేకమైన ఆయుధాలు ప్లస్ 10 దాకనే. పెంచుటానికి స్మితింగ్ స్టోన్స్ కావాలె, మనం రాళ్లనే అందాం. మొదటి మూడు మెట్లకు ఒకటో రకం రాళ్లు, వరసగ రెండు, నాలుగు, ఆరు. తర్వాతి మూడు మెట్లకు రెండో రకం రాళ్లు, మళ్ల రెండు, నాలుగు, ఆరు. ఇట్ల ఎనిమిది రకాలు. రకానికి 12 చొప్పున 96 రాళ్లు. ఆఖరి మెట్టుకు పురాతన డ్రాగన్ రాయి ఒకటి. ప్రత్యేక ఆయుధానికైతే మెట్టుకు ఒక్క రాయే, మొత్తం కలిపి 10.

96 ఎక్కడ, 10 ఎక్కడ! ఇంత తేడా ఎందుకు పెట్టిన్రు? నాకు సమజైంది చెప్త. మామూలు కత్తికి మీరు దాని గుణాన్నే మార్చుకోవచ్చు. బలం ఎక్కువున్నోడు దాన్ని బరువు తీరుకు మార్చుకుంటడు, చురుకుతనం ఎక్కువున్నోడు పదును తీరుకు మార్చుకుంటడు. నిప్పు, మంత్రం, నెత్తురు, ఏదన్న ఎక్కియ్యొచ్చు. ఇయ్యాల ఒకటి, రేపు ఒకటి. దానికున్న ప్రత్యేక ఎత్తును, అంటే కొట్టే విద్యను, కూడ మార్చుకోవచ్చు. ప్రత్యేక ఆయుధం అట్ల కాదు. దాని ఎత్తు దానిదే, గుణం దానిదే, మీరే దానికి తగ్గట్టు మారాలె. అంటే 96 రాళ్లు పెట్టి మీరు కొనుక్కునేది స్వేచ్ఛ. 10 రాళ్లతోటి అగ్గువకు వచ్చేది ఒక కట్టుబాటు. నేను పైన చెప్పిన మాట ఇదే: ఏదో ఒకటి వదులుకోవాలె.

దెబ్బ ఎంత పెరుగుతది? లాంగ్‌సోర్డ్ అని మామూలు కత్తి ఉంటది. మొదట్ల దాని దెబ్బ 110. ప్లస్ 25కు పోతే 269. దాదాపు రెండున్నర రెట్లు. దీనికి తోడు మన పాత్ర బలాన్ని బట్టి అదనంగ కలిసేది ఉంటది. కత్తి పక్కన ఇంగ్లిష్ అక్షరాలు కనపడతయి, ఇ, డి, సి, బి, ఎ, అన్నిటికన్న మీద ఎస్. ఇది పరీక్ష గ్రేడు కాదు. మీ ఒంటి బలాన్ని ఈ కత్తి ఎంత వాడుకుంటది అన్న గుర్తు. కత్తి మెట్టు ఎక్కినా కొద్ది ఆ వాడకం కూడ పెరుగుతది. అందుకే కొత్తగ ఆడేటోళ్లు ఒక పని చేస్తరు చూడండి, దొరికిన రూన్స్, అంటే ఆ ఆటల పైసలు, అన్ని పాత్ర లెవెల్ మీద పోస్తరు, కత్తిని మాత్రం ప్లస్ జీరోల్నే పట్టుకొని తిరుగుతరు. ఇగ దేవుడు కనపడతడు. తొలి గంటల్ల ఒంటి బలం కన్న కత్తి మెట్టే ఎక్కువ పని చేస్తది. ఆట మొదట్ల వచ్చే చర్చ్ ఆఫ్ ఎల్లె కాడ చిన్న దాగలి ఉంటది, ప్లస్ 3 దాక అక్కడ్నే చేసుకోవచ్చు, కమ్మరి కూడ అక్కర్లేదు. దానికి పడేది 12 రాళ్లు. వాటిని దాచుకొని ఏం చేస్తరు? ఒకటో రకం రాయి చివర దాక సంచిల మూలుగుతనే ఉంటది.

దాచుకునుడు మనోళ్ల జబ్బు. ఆట అయిపోయినంక సంచి తీసి చూస్తే మందులు, రాళ్లు, బాంబులు అట్లనే ఉంటయి. ఆపదకు ఉంటదని దాచినరు, ఆపద వచ్చిపోయింది, వాడలేదు. ఈ కంపెనీవాళ్లకు ఆ సంగతి ఎరుకే. ఆ లోకంలో గనులు పెట్టిన్రు, ఆ గనుల్ల రాళ్లు గోడలకు అంటుకొని మెరుస్తుంటయి. ఇంకొంచెం ముందుకు పోతే గంట ఆకారంలో ఒక వస్తువు దొరుకుతది. దాన్ని తెచ్చి రౌండ్‌టేబుల్ హోల్డ్‌ల, అంటే ఆటల మనం తిరిగి తిరిగి వచ్చే ఠికానాల, ఇస్తే ఆ రకం రాళ్లు పైసలకు కొనుక్కునుడే, ఎన్నన్న సరే. ఇది చాన తెలివైన పని. మొదట్ల కరువు, అందుకే మీరు ఒక కత్తిని ఎంచుకొని దానికి కట్టుబడతరు. తర్వాత కరువు తీరుస్తది, ఎందుకంటే అప్పటికి మీకు ఆట వచ్చింది, ఇప్పుడు నాలుగు కత్తులు పట్టి చూడాలె. కరువు ఎప్పుడు పెట్టాలె, ఎప్పుడు తియ్యాలె అన్నది తెల్వని డిజైనర్లే ఎక్కువ. మొదటి నుంచి ఆఖరి దాక కరువే పెడతరు, దాన్నే కష్టమైన ఆట అంటరు.

అక్కడ కమ్మరి పేరు హ్యూగ్. సంకెళ్లేసి ఉంటడు. దేవుణ్ని చంపే ఆయుధం చెయ్యమని ఆయనకు శిక్ష. ఆయన కథ ఇంతకన్న చెప్పను, ఆడనోళ్లు ఉన్నరు. ఒక్కటి మాత్రం చెప్త. ఆటలో మీరు ఎక్కువ సార్లు పోయి పలకరించే మనుషులల్ల ఆయన ఒకడు. రాళ్లు ఇచ్చుడు, కత్తి తీస్కునుడు, ఇట్ల పోయి వచ్చుకుంటనే ఆయన మీద పావురం పుడతది. పట్టిక చెయ్యలేని పని మనిషి చేస్తడు. అంతకుముందు 2011లో వీళ్లే చేసిన డార్క్ సోల్స్‌ల ఆండ్రే అని కమ్మరి ఉండె. ఆయన కనపడకముందే సమ్మెట చప్పుడు వినపడేది. చచ్చి చచ్చి నడుస్తుంటే ఆ చప్పుడు వినపడితే పానం లేచొచ్చేది. డిజైన్ అంటే అంకెలే కాదు, చప్పుడు కూడ డిజైనే.

సరే, ప్లస్ 25 అయిపోయింది. తర్వాత? కత్తికి పై మెట్టు లేదు, ఆడేటోడు మహాబలుడైండు. 2024 జూన్‌ల షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అని ఎల్డెన్ రింగ్‌కు కొత్త భాగం వచ్చింది. అందుల ప్లస్ 26 పెట్టొచ్చు గదా? పెట్టలేదు. పెడితే ముందటి లెక్కలన్ని కూలిపోతయి. దానికి బదులు ఆ కొత్త లోకంలో మాత్రమే పనిచేసే వేరే బలం పెట్టిన్రు. 20 మెట్లు, మొత్తం 50 ముక్కలు కావాలె. ఆ ముక్కలు అంగట్ల దొరకయి, లోకంల తిరిగి వెతుక్కోవాలె. అంటే మీ కత్తి ఎంత గొప్పదైనా సరే, కొత్త ఊరికి వచ్చినంక తిరగకుంట ఉంటే చస్తరు. తిరిగేటోడు బతుకుతడు. అప్‌గ్రేడ్ మనిషి పోయే తొవ్వ మార్చాలె అన్న గదా, అది ఇదే.

అయితే అది విడుదలైన రోజుల్ల చాన గొడవైంది. మరీ కష్టంగ ఉన్నదని జనం మొత్తుకున్నరు. కొన్ని రోజులకే కంపెనీ ఒక సవరణ ఇచ్చింది. తొలి సగం మెట్లకు బలం ఎక్కువ దొరికేటట్టు, తర్వాతి సగంల నెమ్మదిగ పెరిగేటట్టు గీతను మార్చింది. శత్రువులను బలహీనం చెయ్యలేదు చూడండి, నిచ్చెన మెట్ల ఎత్తు మార్చింది. నేనైతే ఆ సవరణను మా పిల్లలకు పాఠంగ చూపిస్త.

లెక్కల విద్యార్థులు ఉన్నరు కాబట్టి ఇంకోటి. ఒకే ప్లస్ వన్ విలువ అన్ని ఆటల్ల ఒకటి కాదు. ఒక ఆటలో దెబ్బ నుంచి కవచం అంకెను తీసేస్తరనుకోండి. మీ దెబ్బ 100, వాని కవచం 80. తగిలేది 20. మీరు కత్తిని నూటికి 20 పెంచినరు, 120 అయింది. తగిలేది 40. పెంచింది అయిదో వంతు, తగిలింది డబుల్! అదే కవచం 300 దెబ్బ ఉన్న పెద్ద గొడ్డలికి ఎదురొస్తే మొదట్ల తగిలేది 220, అయిదో వంతు పెంచితే 280. డబుల్ కాదు, డబుల్ దగ్గరికి కూడ రాదు. అంటే ఇట్లాంటి ఆటల్ల చిన్న కత్తి పట్టుకున్నోడు అప్‌గ్రేడ్‌కు ముందు పరుగెత్తాలె. కవచం దెబ్బను శాతంలో తగ్గించే ఆటల్ల ఈ తేడా ఉండదు. యూట్యూబ్‌ల ఎవడో "దీన్నే పెంచండి" అని చెప్పింది వినేముందు, మీ ఆటలో కవచం లెక్క ఏందో తెలుసుకోండి.

మాన్‌స్టర్ హంటర్ గురించి తొందరగ చెప్త. క్యాప్‌కామ్ వాళ్లది, 2004 నుంచి ఉన్నది. అక్కడ ఏ మృగాన్ని వేటాడితే దాని గోర్లు, తోక, పొలుసులే ఆయుధానికి ముడిసరుకు. తోక కావాలంటే తోక నరకాలె, కొమ్ము కావాలంటే కొమ్ము విరగ్గొట్టాలె, ఊకె చంపితే సరిపోదు. నిప్పు గక్కే మృగం సరుకుతోటి నిప్పు కత్తి చేసుకొని, నిప్పంటే భయపడే మృగం మీదికి పోవాలె. పోరాటం నడుమ కత్తి పదును తగ్గుతది, పక్కకు పోయి సాన పట్టుకోవాలె, అప్పుడు మీ స్నేహితుడు ఆ మృగాన్ని ఆపాలె. 2018లో వచ్చిన వరల్డ్‌లో అప్‌గ్రేడ్ నచ్చకుంటే వెనక్కి తీస్కోవచ్చు, సరుకు తిరిగొస్తది, పైసలు రావు. న్యాయంగనే ఉన్నది.

2018లనే గాడ్ ఆఫ్ వార్. అందుల ముఖ్యమైన ఆయుధం ఒక గొడ్డలి, లెవయథన్. బ్రోక్, సిండ్రి అని ఇద్దరు అన్నదమ్ములు పెంచిస్తరు, ఆరు మెట్లు. మెట్టు ఎక్కినా కొద్ది కొత్త ఎత్తులకు తలుపు తెరుచుకుంటది. నాకు ఇష్టమైన తీరు. ఇగ 2019లో వచ్చిన సెకిరోలో అసలు కత్తికి మెట్లే లేవు. పెద్ద శత్రువులను ఓడిస్తే మనిషి బలం కొంత పెరుగుతది గానీ, ఆట మొత్తం నేర్పేది ఎదుటోని దెబ్బను సరిగ్గ ఏ క్షణంల ఆపాలె అన్నదే. అప్‌గ్రేడ్ అయ్యేది మన చెయ్యి. మన దేశంల పుణెలో చేసిన రాజీ 2020లో వచ్చింది. అందుల త్రిశూలం ఉంటది. చిన్న టీమ్ చేసిన పని, చూడండి.

ఇప్పుడు నాకు కోపం వచ్చే దగ్గరికి వస్త. (నవ్వులు) అదృష్టం మీద నడిచే అప్‌గ్రేడ్.

1998లో కొరియాలో లీనియేజ్ వచ్చింది. అందుల ఆయుధాన్ని కొంత దాక భయం లేకుంట పెంచొచ్చు. ఆ గీత దాటినంక ప్రతి ప్రయత్నం జూదమే. తప్పితే ఆయుధం మాయమైతది. నెలల కష్టం గాలికి పోతది. ఆ తర్వాత చాన ఆటలు ఈ పద్ధతిని ఎత్తుకున్నయి. మాయం చెయ్యకుంటే ఒక మెట్టు కిందికి దింపుతయి. ఇది చిన్న సంగతి లెక్క కనపడతది. లెక్క కట్టి చూద్దాం.

ముందు సులువైనది. నూటికి పది అవకాశం. పదిసార్లు కొడితే వచ్చితీరాలె అని మనం అనుకుంటం. ఈ హాల్లో 100 మంది తలా పదిసార్లు కొట్టినరనుకోండి. దాదాపు 35 మందికి ఒక్కసారి కూడ రాదు. 20 సార్లు కొట్టినంక కూడ 12 మంది ఉత్త చేతులతోటే ఉంటరు. 30 సార్లు కొట్టినా నలుగురు మిగులుతరు. ఆ నలుగురు రాత్రి రెండింటికి ఆటను తిట్టుకుంట ఇంకో స్క్రోల్, అంటే ఇంకోసారి కొట్టనిచ్చే చీటీ, కొంటరు. కంపెనీ బతికేది ఆ నలుగురి మీదనే.

ఇప్పుడు కిందికి దింపే పద్ధతి. సగానికి సగం అవకాశం అనుకుందాం, నాణెం ఎగరేసినట్టే. అయిదు మెట్లు ఎక్కాలె. తప్పితే ఉన్నకాడనే ఉంటమంటే సగటున 10 ప్రయత్నాలు. తప్పితే ఒక మెట్టు దిగుతమంటే? 30. మూడింతలు. సరే, అవకాశాన్ని నూటికి 30 చేద్దాం. దిగకుంటే సగటున 17. దిగితే ఎంతనుకుంటున్నరు? ... 50? ... 80 అంటున్నడు తమ్ముడు. 286. (సభలో గోల) ఇంటికి పోయి కాయితం మీద చేసుకోండి. మొదటి మెట్టుకు పట్టేది మూడు పైచిలుకు ప్రయత్నాలు. ఆఖరి ఒక్క మెట్టుకే 170. తప్పినప్పుడల్ల కిందికి పోయి, కింది మెట్టును మళ్ల ఎక్కాలె గదా, అక్కడ కూడ తప్పొచ్చు, ఇంకా కిందికి పోవచ్చు. స్క్రీన్ మీద మాత్రం "30 శాతం" అనే రాసి ఉంటది. అబద్ధం కాదు. నిజం కూడ మొత్తం చెప్పలేదు.

ఇందుల కొట్టే తీరు మారిందా? లేదు. పోయే తొవ్వ మారిందా? లేదు. ఒక బటన్, ఒక మెరుపు, ఒక చప్పుడు. కొన్ని సర్కార్లకు ఇది సమజైంది. జపాన్‌ల 2012లో ఒక రకం గాచాను, అంటే పైసలు పెట్టి అదృష్టం మీద వస్తువు తీసే పద్ధతిల ముక్కలన్ని కూడబెడితేనే బహుమతి అనేదాన్ని, ఆపిచ్చిన్రు. 2018లో బెల్జియం పైసలు పెట్టి కొనే లూట్ బాక్సులను, అంటే లోపల ఏమొస్తదో తెల్వని పెట్టెలను, జూదం కిందికి తెచ్చింది. కొరియాలో 2024 జనవరిలో మేపుల్‌స్టోరీ ఆట అవకాశాల లెక్కను ఆడేటోళ్లకు తెల్వకుంట మార్చినందుకు నెక్సన్ కంపెనీకి పదకొండు వందల కోట్ల వాన్‌లకు పైన జరిమానా వేసిన్రు. అదే సంవత్సరం మార్చి నుంచి అవకాశాలు బయటపెట్టాలని చట్టం అమల్లోకి వచ్చింది. మన దగ్గర 2025లో పార్లమెంటు పైసలు కాసే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ చట్టం చేసింది. అయితే ఒక స్క్రోల్ కొని కత్తి మీద అదృష్టం చూసుకునుడు వేరే సంగతి, దాని మీద మన దగ్గర చర్చ ఇంకా సరిగ్గ మొదలే కాలేదు. మీలో లా చదివేటోళ్లు ఉంటే పట్టుకోండి, మంచి సబ్జెక్టు.

అదృష్టం మొత్తానికే వద్దంటలేను. డయాబ్లో 2 ఉన్నది, 2000లో వచ్చింది. మరుసటేడు దాని అదనపు భాగంల 33 రూన్లు తెచ్చిన్రు, ఇవి పైసలు కాదు, ఆయుధంల పొదిగే రాళ్లు. చిన్నవాటిని కలిపి పెద్దది చేసుకోవచ్చు, సరైన వరసలో కత్తికి పొదిగితే కొత్త గుణం వస్తది. రూన్ దొరుకుడు అదృష్టమే. కానీ దొరికినంక దాన్ని ఎక్కడ పొదగాలె అన్నది మీ బుర్ర. అదృష్టం ముందు వచ్చి, నిర్ణయం తర్వాత వస్తే నాకు పేచీ లేదు. నిర్ణయం అయిపోయినంక అదృష్టం వచ్చి తన్నితేనే మంట.

ప్రశ్నలు అడుగుతున్నరు, ఆ చెల్లెకు మైకు ఇయ్యండి.

(ఒక విద్యార్థిని: అక్కా, మన నల్లగొండ సాయుధ పోరాటం మీద ఇట్లాంటి ఆట చేస్తే ఆయుధాల అప్‌గ్రేడ్ ఎట్ల పెడతరు?)

మంచి ప్రశ్న అమ్మా. నేను కూడ దీని మీద ఆలోచన చేసుకుంట ఉన్న. ముందుగాల జాగ్రత్త ఏందంటే, నేను చనిపోయినోళ్ల పేర్లతోటి పాత్రలు చెయ్యను. వాళ్ల ఇంటోళ్లు ఇక్కడ్నే ఉన్నరు, ఈ హాల్లోనే ఉండొచ్చు. ఊరి పేరు, మనిషి పేరు కల్పించుకోవాలె. కాలం మాత్రం నిజమైనదే పెట్టాలె. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు, అప్పుడు అది నల్లగొండ జిల్లాలనే ఉండె. 1947 సెప్టెంబర్‌ల సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన్రు. 1951 అక్టోబర్‌ల విరమించిన్రు.

ఇప్పుడు ఆయుధాలు చూడు. మొదట్ల ఏమున్నయి? గుత్పలు, వడిసెలలు, రోకళ్లు, ఆడోళ్ల చేతుల్ల కారం పొడి. తర్వాత బర్మార్ తుపాకులు, అంటే ముందట్నుంచి మందు దట్టించి కాల్చేటియి. తర్వాత దొరల గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న రైఫిళ్లు. సినిమా తీరు ఆలోచించే డిజైనర్ అయితే ఏం చేస్తడు? వడిసెల ఒకటో మెట్టు, బర్మార్ రెండు, రైఫిల్ మూడు. వడిసెలకు ప్లస్ వన్, ప్లస్ టూ. నేను చెయ్యను. వడిసెలకు ప్లస్ వన్ ఏముంటది? అది తాడు. జొన్నచేన్ల మంచె మీద కూసొని పిట్టలను కొట్టే తాడు. మారేది రాయి, మారేది చెయ్యి, మారేది ఎంతమంది ఒకేసారి కొడతరు అన్నది. ఒక్కడు వడిసెల తిప్పితే ఒక రాయి. వంద మంది గోడ చాటు నుంచి తిప్పితే గుర్రం మీదున్నోడు ముందుకు రాలేడు. అంటే ఇక్కడ పెరగాల్సింది సంగం. అప్‌గ్రేడ్ చెట్టు ఆయుధానికి ఉండదు, ఊరికి ఉంటది. ఎవరు కాపలా, ఎవరు కబురు మోస్తరు, ఎవరు అన్నం పెడతరు, డప్పు ఎవరు కొడతరు.

బర్మార్ వచ్చిందనుకో. దెబ్బ పెద్దది, కానీ ఒకసారి కాల్చినంక మళ్ల దట్టించేదాక చేతులు ఖాళీ. అప్పుడు వడిసెలోడే నిన్ను కాపాడాలె. చూసినవా, పాతది పనికిరాకుంట పోలేదు. రైఫిల్ దొరికిందనుకో, అది ఇంకా తిరకాసు. తుపాకి దొరుకుడు కష్టం కాదు, గుండు దొరుకుడు కష్టం. ఎన్ని గుండ్లున్నయో స్క్రీన్ మీద చూపియ్య, సంచి తెరిచి ఆడేటోడే లెక్క పెట్టుకోవాలె. ఇంకోటి, రైఫిల్ ఏ ఊర్ల దాస్తే ఆ ఊరి మీదికి దాడి వచ్చే ప్రమాదం పెరగాలె. ఒక్క ఆయుధం తెచ్చుకునుడు అంటే ఒక ఊరిని ప్రమాదంల పెట్టుడు. ఆడేటోడు తీస్కోవాల్నా వద్దా అని ఆగాలె. ఆ ఆగుడే నాకు కావాలె, దెబ్బ ఎంత అన్నది తర్వాతి సంగతి.

(ఒక విద్యార్థి: అక్కా, అట్ల చేస్తే జనాలు ఆడతరా? అందరికి పెద్ద గన్నే కావాలె గదా.)

అడిగినవు తమ్ముడూ, నువ్వు మా మార్కెటింగ్ వాళ్ల లెక్కనే మాట్లాడుతున్నవు. (నవ్వులు) కొంతమంది ఆడరు. నిజం. పెద్ద తుపాకి కావాలనుకునేటోళ్లకు వందల ఆటలున్నయి. కానీ ఎల్డెన్ రింగ్ లాంటి కష్టమైన ఆట కోట్లల్ల అమ్ముడుపోయింది గదా. కష్టం ఉంటే జనం పారిపోతరన్నది నేను నమ్మను. లెక్క అన్యాయంగ ఉంటే పారిపోతరు.

(మరొకరు: మేం మొదలు పెట్టాలంటే ఏం నేర్చుకోవాలె?)

గోడో అని ఇంజిన్ ఉన్నది, ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌ల నడుస్తది. కానీ మొదటి వారం దాన్ని ముట్టకండి. కాయితం, రెండు పాచికలు తీస్కోండి. ఒక ఆయుధం, ఒక శత్రువు, మూడు అప్‌గ్రేడ్లు. షరతు ఒకటే, ఆ మూడిట్ల ఒక్కటి కూడ దెబ్బ అంకెను పెంచొద్దు. ఒకటి దూరం మార్చొచ్చు, ఒకటి వేగం మార్చొచ్చు, ఒకటి శత్రువును వెనక్కి నెట్టొచ్చు, మీ ఇష్టం. మీ చెల్లెతోటో తమ్మునితోటో ఆడిపియ్యండి. వాళ్లు మూడిట్ల దేన్ని ఎప్పుడూ తీస్కుంటలేరో చూడండి, దాన్ని తీసిపారేసి కొత్తది పెట్టండి. అందరు ఒక్కదాన్నే తీస్కుంటున్నరంటే అది మరీ బలంగ ఉన్నట్టు, దానికి ఖర్చు పెంచండి. ఇట్ల నాలుగైదు సార్లు చేసినంక గోడో తెరవండి. అప్పుడు మీకు ఏం కట్టాల్నో తెలిసి ఉంటది.

ఈ హాలు నాలుగింటికి ఖాళీ చెయ్యాలని సార్ సైగ చేస్తున్నరు. 286 లెక్క ఎట్ల వచ్చిందో కావాలన్నోళ్లు కింద చాయ్ కాడికి రండి, నోట్‌బుక్ తెచ్చుకోండి.